హీ గారి గ్లాసు

మా స్టాఫ్‌రూంలో మంచినీళ్ళ ఫిల్టరు పక్కన ఒక నల్లరాతి బల్ల ఉంది. ఎవరైనా నీళ్ళు తాగి స్టీలు గ్లాసు ఆ బల్ల మీద పెడితే ఠంగుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, నా ముందు దిద్దాల్సిన పేపర్లు ఎన్ని ఉన్నా చేతిలో ఎర్రపెన్ను ఆగిపోతుంది. నాలుక చివరికి ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి కూర్చుంటుంది. మొన్న బుధవారం లెక్కల మాస్టారు నీళ్ళు తాగి గ్లాసు పెట్టి వెళ్తుంటే అది పైకే వచ్చేసింది. "హీ డిడ్ నాట్ గివ్ మీ" అన్నాను, నాకు తెలియకుండానే. ఆయన పాపం గతుక్కుమని, మీకూ కావాలా మేడం అంటూ ఇంకో గ్లాసు పట్టి తెచ్చిచ్చారు. దాహం లేకపోయినా తాగాను. తాగుతూ, ఆ వాక్యం నాకు నేర్పిన పెద్దమనిషిని మనసులోనే విసుక్కున్నాను. పోయి కొన్నేళ్ళయింది, ఇప్పటికీ నన్ను ప్రశాంతంగా నాలుగు గుటకలు నీళ్ళు తాగనివ్వడు.

ఆ పెద్దమనిషి పేరు జగ్గారావు గారు. చోడవరంలో మా ఎదురింటి ఆయన. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెబుతారు, ఈయన టైపు కొడతారు. ఆయన జీవితమంతా చేసిన పని అదే. ఎదుటివాళ్ళ నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీద 'ఐ' అని మొదలవుతుంటే చూస్తూ ముసలివాడయ్యారు. మన భాషలో చేసిన మనిషి ఊసెత్తకుండా ఎంతసేపైనా మాట్లాడవచ్చు. గొడవైంది, దెబ్బలు తగిలాయి, తల పగిలింది అంటే వినేవాళ్ళకు అంతా తెలిసినట్టే ఉంటుంది. టైపు మిషను ముందు కూర్చున్నవాడికే ఆ కష్టం తెలుస్తుంది. హీ ఎవరో తెలియాలి, హిమ్ ఎవరో తెలియాలి, లేకపోతే చెయ్యి కదలదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎక్కడో వేరే ఊళ్ళో, ఒక ముసలమ్మ సాక్ష్యం గురించి ఆయన పదేపదే చెప్పేవారు. ఆవిడ పొద్దున్నుంచీ "కొట్టేసేరు బాబూ" అన్న మాట తప్ప ఇంకోటి అనలేదట. వకీళ్ళు తిప్పి తిప్పి అడిగారు, జడ్జిగారు విసిగిపోయారు. ఈయనకు చేతులు ఊరుకోలేదు. టైపిస్టు నోరు మెదపకూడదని తెలిసి కూడా, మిషను మీంచి తలెత్తి, "ఎవరమ్మా? ఎవర్ని?" అని అడిగేశారట. ఆవిడ ఈయన వంక చూసి, ఎదురుగా నిలబడ్డ సొంత మరిదికేసి వేలు చూపించి, "ఈడు. నన్ను" అంది. అంతే, రెండు మాటలు. జడ్జిగారు ఈయన్ని చివాట్లు పెట్టి మరీ ఆ రెండు మాటలూ రాయించారట. ఆ రోజు నుంచి ఎవరు, ఎవర్ని అన్న రెండు ప్రశ్నలు ఆయనకు జబ్బులా పట్టుకున్నాయి. రిటైరయ్యాక ఆ జబ్బు వీధి మీద పడింది.

ఆయన భార్య వరహాలమ్మ గారు. ఆవిడ పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను. పాలు పొంగిపోయేయండీ అని ఆవిడ వంటింట్లోంచి అంటే, వాటంతటవే పొంగేయా, ఎవరు పొంగించేరు అని అరుగు మీంచి ఈయన. గిన్నె జారిపోయిందంటే, ఎవరు జార్చేరు. తలుపు తీసి ఉండిపోయిందంటే, ఎవరు తీసి ఉంచేరు. ఒక దీపావళికి ఆవిడ విసిగిపోయి, నానే, నానే, ఈ ఇంట్లో జరిగిందంతా నానే చేసేను, రాసుకోండి అని చేతిలో గరిటె కింద పడేశారు. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, వాక్యం బాగుంది అన్నారు. మా అమ్మ ఇటుపక్క గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ గారు మొగుడి పేరు నోటితో అనని తరం మనిషి. ఆయనగారు, మావారు అని చుట్టుతిరుగుడుగా చెప్పుకునేవారు. ఈయన ఇంట్లో పొద్దస్తమానం హీ, హిమ్ అని పాఠాలు చెబుతుంటే విని విని, ఆవిడకు ఒక సదుపాయం దొరికింది. హీ అంటే పేరు చెప్పినట్టూ కాదు, చెప్పనట్టూ కాదు. కాకపోతే వట్టి హీ అంటే మర్యాదగా లేదని చివర గారు చేర్చారు. "ఒసే గుంటా, హీ గారు పిలస్తన్నారే నిన్ను" అని మా గుమ్మంలోకి కేకేసేవారు. ఏడాది తిరక్కుండా పాలవాడి నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆయన హీ గారైపోయారు. ఈ అప్రాచ్యపు వ్యాకరణం ఆయన చెవిలో పడ్డప్పుడల్లా మొహం చిట్లించుకునేవారు గానీ, పెళ్ళాన్ని మాత్రం దిద్దలేకపోయారు.

ఇంతకీ నేను ఆయన చేతిలో ఎలా పడ్డానో చెప్పాలి. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంగ్లీషు టీచరునవుదామని నా ఆశ. నా ఇంగ్లీషు చూస్తే, హిమ్ కేమ్ అని ఒక చోట, షి టోల్డ్ టు ఐ అని ఇంకో చోట. పుస్తకంలో పట్టిక బట్టీ వచ్చు, నోరు తెరిస్తే పట్టిక ఎటో పోయేది. మా నాన్న వెళ్ళి ఆయన్ని అడిగారు. ఆయన ఫీజు వద్దన్నారు, కానీ తన పద్ధతికి ఎదురు చెప్పకూడదన్నారు. అది విని మేము సంతోషించాం. ఆ పద్ధతి ఏమిటో ముందే తెలిసి ఉంటే ఏదో ఒక కోచింగ్ సెంటరుకి ఫీజు కట్టి చేరిపోయేదాన్ని.

పద్ధతి ఏమిటంటే, ఒక స్టీలు గ్లాసు. దాన్నిండా నీళ్ళు. ఆయన నాకు ఇవ్వాలి, నేను పుచ్చుకోవాలి, హీ గేవ్ మీ అనాలి. నేను ఆయనకి ఇవ్వాలి, ఐ గేవ్ హిమ్ అనాలి. షి కావాలి కాబట్టి వంటింట్లోంచి వరహాలమ్మ గారిని పిలిచేవారు. ఆవిడ చేతులకు పిండి అంటుకుని ఉన్నా సరే, వచ్చి గ్లాసు అందుకుని, ఇంకొకరికి అందించి పోవాలి. తప్పు చెబితే గ్లాసు అరుగు మీద ఠంగుమని పెట్టి, "ఎవరు? ఎవరికి?" అనేవారు. ఎవర్ని అన్నా ఎవరికి అన్నా ఇంగ్లీషుకి ఒకటే లేవే, చేసినవాడొకడు, చేయించుకున్నవాడొకడు, ఈ ఇద్దర్నీ కలిపేయకు అనేవారు. బీఎడ్ చదివిన పెళ్ళీడు పిల్లని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా ఆ వానాకాలమంతా అరుగు మీద గ్లాసులు అందించుకుంటూ గడిపాను. నాలుగో రోజుకే నాకు ఏడుపొచ్చింది. పుస్తకం తెరుద్దామండీ అంటే, పుస్తకంలో నీళ్ళుండవు, తొణికితే తెలీదు అన్నారు. ఒళ్ళు మండిపోయేది.

ఇంకోసారి ఆయన గురించే పది వాక్యాలు రాయమన్నారు. నేను భక్తిగా, దే టీచ్ మీ, ఐ రెస్పెక్ట్ దెమ్ అని రాసి ఇచ్చాను. వారు అనేదాన్ని అలాగే దించాను, పెద్దాయన్ని పట్టుకుని హీ అనడానికి చెయ్యి రాలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దెమ్ అంటే ఎంతమందిమే, వరహాలమ్మనీ, చూరులో పిచికల్నీ కూడా కలిపేవా అన్నారు. గౌరవం కోసం రాశానండీ అన్నాను. గౌరవం మనసులో పెట్టుకో, కాగితం మీద నన్నొక్కడినే ఉంచు, పదిమందిని చేస్తే రేపు తప్పు నాదని ఎవరూ పట్టుకోలేరు అన్నారు. అప్పుడు అది ఆయన కోర్టు చాదస్తం అనుకున్నాను. కాగితాన్ని నాలుగుసార్లు తిరగరాయించారని విసుక్కున్నానే గానీ, అన్న మాట చెవికెక్కించుకోలేదు.

ఏమైతేనేం, ఇంగ్లీషు వచ్చింది. తడుముకోకుండా మాట్లాడటం వచ్చింది, తప్పు లేకుండా రాయడం వచ్చింది. ఆ బలంతోనే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం దొరికింది. పేరు అనవసరం, ఇప్పుడా స్కూలు లేదు కూడా. మా ఇంట్లో నెల తిరిగేసరికి జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లని నేను. మా అమ్మ ఆ మాట కె.కోటపాడులో ఉన్న చుట్టాల దాకా మోసింది. ఆ ఉద్యోగం నాకు ఎంత ముఖ్యమో తెలిస్తే గానీ తర్వాత నేను చేసిన పని ఎందుకు చేశానో అర్థం కాదు. అర్థమైనా క్షమించక్కర్లేదు.

అది చెరకు కోత రోజులు. సాయంత్రం బెల్లు కొట్టాక గేటు దగ్గర డ్యూటీ నాది. నాతోపాటు నూకాలు అని ఒక ఆయా ఉండేది. యాభై దాటిన మనిషి, చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టి తీసుకొచ్చి ఆటోలు ఎక్కించేది. ఆ రోజు నూకాలు ఇంకా వరండాలోనే ఉంది. చెరకు లోడు ట్రాక్టరు ఒకటి గేటును రాసుకుంటున్నట్టు వస్తోంది, పిల్లలు రోడ్డు మీదికి తోసుకుంటున్నారు. నేను కంగారులో ఇనప గేటు రెక్క పట్టుకుని గట్టిగా లాగేశాను. కీలు వైపు చూడలేదు. యూకేజీ పాప ఒకతి ఆ సందులో చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఆ కేక ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఉంగరపు వేలు గోరు ఊడి వచ్చింది, కుట్లు పడ్డాయి. పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నూకాలు. నేను గేటు పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

మర్నాడు స్కూలు యజమాని గదిలోకి పిలిచారు. పాప తండ్రి సోమవారం వస్తాడట, కాగితం మీద సంజాయిషీ కావాలన్నాడట. గేటు దగ్గర ఉండేది ఆయాయే కదండీ మేడం అన్నారు యజమాని. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. నేను మాట్లాడలేదు. నా తప్పు అక్కడే మొదలైంది, ఆ తర్వాతిదంతా దాని వెనకే వచ్చింది. టీచరు పేరు బయటికొస్తే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారు, ఆయా అయితే నాలుగు రోజుల్లో మర్చిపోతారు అన్నారు. తర్వాత కాగితం నా ముందుకు జరిపి, మీ ఇంగ్లీషు బాగుంటుంది, నూకాలు చెప్పినట్టుగా మీరే రాసేయండి అన్నారు. నూకాలు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను రాశాను. ఐ క్లోజ్డ్ ద గేట్. ఐ డిడ్ నాట్ సీ హర్. ఇట్లాంటివి ఆరు వాక్యాలు. ఎక్కడ ఐ రావాలో అక్కడ ఐ, ఎక్కడ హర్ రావాలో అక్కడ హర్. నూకాలు వచ్చి కింద వేలిముద్ర వేసింది, వేలికంటిన సిరా చీర కొంగుకు తుడుచుకుంది. జిరాక్సు కాపీ ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు. నేను తల దించుకుని బయటికి నడిచాను.

మా పేటలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, బ్యాంకుదైనా ఆసుపత్రిదైనా, జనం తీసుకెళ్ళేది ఎదురింటి అరుగు మీదికే. ఆ సంగతి నాకు తట్టకపోవడం విచిత్రం. ఆదివారం పొద్దున్నే వరహాలమ్మ గారు కేకేశారు, హీ గారు రమ్మంటన్నారని. వెళ్ళేసరికి అరుగు మీద గ్లాసు ఉంది, దాని కింద ఆ జిరాక్సు కాపీ ఉంది. చదవమన్నారు. చదివాను. పాఠం అప్పజెప్పించుకున్నట్టు చివరిదాకా విన్నారు.

"ఒక్క తప్పు లేదు," అన్నారు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, "ఇన్నేళ్ళ నా సర్వీసులో ఇంత శుభ్రంగా చెప్పిన సాక్షిని నేను చూళ్ళేదే గౌరీ. నూకాలు ఎప్పుడు నేర్చుకుందే ఈ ఇంగ్లీషు?"

ఆయన గ్లాసు నా వైపు జరిపారు. "ఎవరు? ఎవర్ని? ఇంగ్లీషులో వద్దు. తెలుగులోనే సెప్పు."

నాకు కోపం వచ్చింది. చేసిన తప్పు మీద కాదు, ఆయన మీద. ఆ గ్లాసు మీద, ఆ రెండు ప్రశ్నల మీద. ఇది మీ కోర్టు కాదండీ, నేను బోనులో లేను, నా ఉద్యోగం పోతే మీరిస్తారా అన్నాను. పెద్దవాళ్ళతో అలా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. ఆయన ఒక్క మాట కూడా ఎదురనలేదు. ఈ కాగితంలో ఏముందో నూకాలుకి తాను చెప్పలేదనీ, రాసినావిడే చదివితే బాగుంటుందని సాయంత్రం రమ్మన్నాననీ మాత్రం చెప్పారు. చెప్పి పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తానే చెప్పేసి ఉంటే నేను ఏడ్చేసి ఊరుకునేదాన్ని. నన్ను తిట్టి ఉన్నా బాగుండేది. అన్నీ తెచ్చి నా ఒళ్ళో పడేసి ఆయన పేపరు చదువుకోవడం మాత్రం ఇప్పుడు తలచుకున్నా చిర్రెత్తుతుంది.

ఆ పగలంతా అన్నం సయించలేదు. మా అమ్మకు తలనొప్పని చెప్పాను. సాయంత్రం వెళ్ళకుండా ఉందామని అయిదారుసార్లు అనుకున్నాను. నాలుగున్నరకి కిటికీలోంచి చూస్తే, నూకాలు ఎదురింటి మెట్టు మీద చీర సర్దుకుని కూర్చుని ఉంది. మా గుమ్మం వైపే చూస్తోంది. కోపంగా కాదు, బస్సు కోసం కూర్చున్నట్టుగా. ఆ కూర్చోవడం చూశాక ఇంట్లో ఉండలేకపోయాను.

వెళ్ళి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. కాగితం చేతిలోకి తీసుకుని చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. మడిచేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నూకాలూ, గేటు వేసింది నేను. నువ్వు వేశావని రాశాను. పాపని చూడలేదని కూడా నువ్వే అన్నట్టు రాశాను.

నూకాలు తలూపింది. "నాకెరికే టీచరమ్మా. నాను వరండాలోంచి వస్తా సూసేను కదా."

మరి వేలిముద్ర ఎందుకు వేశావని అడిగాను. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు నేను ఊహించినవాటిల్లో లేదు. భయపడి అంటుందనుకున్నాను, అయ్యగారు వెయ్యమన్నారు అంటుందనుకున్నాను.

"నివ్వు రాస్తన్నావు కదా," అంది నూకాలు. "నివ్వు రాసేవంటే ఉన్నదే రాస్తావనుకున్నాను."

వెనక అరుగు మీద పేపరు చప్పుడు ఆగిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. సిగ్గు అనే మాట అంతకుముందు చాలాసార్లు వాడాను గానీ, అది ఒంట్లో ఏ చోట పుడుతుందో ఆ మెట్టు మీదే తెలిసింది. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడత మీద మడత పెట్టి బొడ్లో దోపుకుంది. ఎందుకు దాచుకుందో అడగలేదు. పాపకి కుట్లు ఎప్పుడు విప్పుతారో తెలుసా అని అడిగింది, తెలియదన్నాను. తెలుసుకోవాలని కూడా అప్పటిదాకా నాకు తోచలేదు.

సోమవారం పాప తండ్రి యజమాని గదిలో ఉండగానే వెళ్ళి, ఇంకో కాగితం ఇచ్చాను. అవే ఆరు వాక్యాలు, ఒక్క అక్షరం మార్చలేదు. కింద నా సంతకం ఒక్కటే కొత్తది. తర్వాత తెలుగులో కూడా చెప్పాను. ఆ తండ్రి రావికమతం వైపు రైతు, పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. నా మీద చాలాసేపు కేకలేశాడు. గేటు వేసినందుకు కొంతా, ఆయా మీదికి నెట్టినందుకు చాలా. వింటూ నిలబడ్డాను. యజమాని ఆ నెలాఖరుకి నన్ను తీసేశారు. నూకాలుని మళ్ళీ రమ్మన్నారు, ఆమె వెళ్ళి ఒక నెల చేసి, ఆ గేటు సూస్తే పాపే అవుపిస్తంది అని తానే మానేసింది.

ఉద్యోగం పోయిన సాయంత్రం ఇంటికి వెళ్ళే ధైర్యం లేక ముందు ఎదురింటికి వెళ్ళాను. ఉద్యోగం పోయిందండీ అన్నాను. నిజం చెప్పొద్దూ, మెచ్చుకుంటారనుకున్నాను. శెభాష్ అంటారనో, భుజం తడతారనో ఒక ఆశ.

"పోవడమేటి?" అన్నారు జగ్గారావు గారు. "దానంతటదే పోయిందా? ఎవరు? ఎవర్ని?"

దాంతో భోరుమన్నాను. లోపల్నుంచి వరహాలమ్మ గారు పరిగెత్తుకొచ్చి, గుంట ఏడుస్తా ఉంటే ఇప్పుడు కూడా మీ ఎవరు ఎవర్నీయేనా అని ఆయన మీద విరుచుకుపడ్డారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అంత పెద్దది చెయ్యగా ఆయన వినలేదేమో, నిజంగానే బెదిరారు. నేను ముక్కు తుడుచుకుంటూ, వాళ్ళు నన్ను తీసేశారండీ అన్నాను. ఎందుకట అన్నారు, ఈసారి కాస్త మెల్లగా. నేను వాళ్ళకి నిజం రాసిచ్చానండీ అన్నాను. ఆయన గ్లాసెడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చారు. ఆ రోజు ఇంగ్లీషులో చెప్పమనలేదు. తాగేదాకా ఎదురుగా నిలబడి, రేపట్నుంచి డీఎస్సీ పుస్తకాలు పట్రా అన్నారు. ఆ మెచ్చుకోలు అంతే. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

రెండేళ్ళు మళ్ళీ ఆ అరుగు, మళ్ళీ ఆ గ్లాసు. డీఎస్సీ వచ్చింది, పోస్టు వచ్చింది. మొదటి పోస్టింగు మాడుగుల అవతల. చేరిన ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో, క్లాసులో ఉండగా వరహాలమ్మ గారి నుంచి ఫోన్ వచ్చింది. "హీ గారు ఎల్లిపోయేరే గౌరీ" అన్నారు. పిల్లలకు నోట్సు రాసుకోమని చెప్పి, చోడవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. వాకిట్లోకి వెళ్ళేసరికి ఎవరో చుట్టం అరుగు మీద స్టీలు గ్లాసు ఠంగున పెట్టారు. నేనూ వరహాలమ్మ గారూ ఒకేసారి అటు తిరిగాం. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ఇప్పుడు మా స్కూల్లో నాకు సగం తలనొప్పి ఆయన వల్లే. రిజిస్టరు కనపడలేదు సార్ అని హెచ్‌ఎంతో అనడం నాకు చేతకాదు, నేను ఎక్కడో పెట్టి మర్చిపోయాను అంటాను. ఇలా ఎవరైనా రాసిస్తారా మేడం అని ఆయన తల పట్టుకుంటారు. అందరూ కాగితాల్లో పొరపాటు జరిగినదని రాసి హాయిగా ఉంటారు. నేను నా పొరపాట్లన్నిటికీ పేరు పెట్టుకుని తిరుగుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లల చేత గ్లాసులు ఇప్పిస్తున్నానని తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన ఫిర్యాదు కూడా చేశాడు. నీళ్ళు కారి నోటుబుక్కులు తడుస్తున్నాయట. అతనికేం చెప్పను.

నూకాలు ఇప్పుడు చోడవరం బస్ కాంప్లెక్సు దగ్గర జామకాయలు అమ్ముతుంది. జుట్టు మొత్తం నెరిసింది, చూపు మాత్రం గట్టిదే. ఎంత జనంలో ఉన్నా నన్ను గుర్తుపడుతుంది, పెద్దకాయ ఏరి, కోసి, ఉప్పుకారం రాసి ఇస్తుంది. ఇచ్చి ఊరుకుంటే బాగుణ్ణు. పక్కన బేరమాడుతున్నవాళ్ళతో, "ఈ టీచరమ్మ తెల్సా? ఆ రోజు గేటేసింది ఈవిడే" అంటుంది. అందులో దెప్పడం లేదు, ఫలానా వాళ్ళమ్మాయి అని చెప్పినట్టే చెబుతుంది. మొదట్లో చెమటలు పట్టేవి. తర్వాత కొన్నాళ్ళు ఆ పక్కకే వెళ్ళకుండా దొంగదారిన ఆటో ఎక్కేదాన్ని. ఒకసారి మెల్లగా, ఎందుకు నూకాలూ ప్రతిసారీ అని అడిగాను. నివ్వే సెప్పేవు కదా ఆ రోజు అంది, అందులో దాచడానికేముందన్నట్టు.

పోయిన శనివారం మా స్కూల్లో కొత్తగా చేరిన సైన్సు టీచరు నాతో ఉంది. నూకాలు అలవాటు ప్రకారం చెప్పేసింది. ఆ అమ్మాయి జామకాయ ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆపి, ఏ గేటండీ మేడం, ఏమైంది అని నన్ను అడిగింది. బస్సు హారన్లు, ఎండ, చేతికి కారం. ఎంత విసుగొచ్చిందో చెప్పలేను. నేనే వేశాను అన్నాను. రెండోది కూడా అడుగుతుందేమోనని, అడక్కముందే ఒక చిన్నపాప వేలు మీద వేశాను అని చెప్పేశాను.